ఆకలి ఎక్కడ పుడుతుంది?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. ఏటా అదే మాట్లాడుతున్నాను గనుక ఈసారి వేరే సంగతి ఎత్తుకుంటానని సెక్రటరీ గారి దగ్గర ముందే అనుమతి తీసుకున్నాను.

ఈ ఏడాది మన వైద్య సహాయ కమిటీకి ఒక అర్జీ వచ్చింది. ఎవరిదో చెప్పను, చెప్పకూడదు. బరువు తగ్గించే ఆపరేషనుకు సాయం కావాలని ఆ అర్జీ. గుండె ఆపరేషనుకైనా, డయాలిసిస్‌కైనా, కంటి శుక్లాలకైనా అడిగితే మన కమిటీలో ఎవరూ నోరెత్తరు. ఈ అర్జీ చదవగానే మాత్రం గదిలో నవ్వులు వినిపించాయి. ఒక పెద్దాయన, “తిండి తగ్గించుకోలేని వారికి చందా డబ్బు ఇవ్వడమా?” అన్నారు. ఇంకొకరు, “రంజాను నెలంతా రోజా ఉండగలిగిన మనిషి మిగతా పదకొండు నెలలు నోరు కట్టుకోలేరా?” అన్నారు. ఈ రెండు ప్రశ్నలూ చెడు బుద్ధితో అడిగినవి కావు. మనలో నూటికి తొంభై మంది మనసులో ఉన్నవే అవి. వాటికి జవాబు వెతకడమే ఈ నాలుగు మాటల ఉద్దేశం. నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియంలో పిల్లలకు సైన్సు చెప్పుకునే మాస్టరును. అంచేత మందులూ మోతాదులూ చెప్పను. శరీరం లోపల ఏం జరుగుతుందో మాత్రం, తరగతిలో చెప్పినట్లు చెబుతాను.

ఆకలి కడుపులో పుడుతుందని మనం అనుకుంటాం. కడుపు ఒక సంచి, అది ఖాళీ అయితే ఆకలి, నిండితే తృప్తి. ఇంత సులువైన లెక్క అయితే సంచిని చిన్నది చేస్తే చాలు గదా, ఇందులో చెప్పడానికేముంది? కాని లెక్క అది కాదు. ఆకలి అనే ఆజ్ఞ వెలువడేది మెదడులో. మెదడు అడుగు భాగాన హైపోథాలమస్ అనే చిన్న చోటు ఉంది. కడుపూ పేగులూ కొవ్వూ దానికి రాత్రింబగళ్ళు కబుర్లు పంపుతూ ఉంటాయి. ఆ కబుర్లు కొన్ని నాడుల మీదుగా పోతాయి. మరికొన్ని రక్తంలో కలిసి పోతాయి. రక్తంలో పోయే కబురునే హార్మోను అంటాం.

పేగు కబురు పంపుతుందన్న సంగతి బయటపడింది 1902లో. లండన్ యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు, కుక్క పేగుకు నాడుల సంబంధం తెంచివేసి, ఆ పేగులో ఆమ్లం పోసి చూశారు. నాడుల దారి లేకపోయినా క్లోమంలో రసం ఊరింది. అంటే పేగు లోంచి ఏదో పదార్థం రక్తంలోకి దిగి క్లోమాన్ని తట్టి లేపిందన్న మాట. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ తన ఉపన్యాసాలలో ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి హార్మోను అనే మాట వాడాడు. గ్రీకు భాషలో దానికి ‘కదిలించేది’ అని అర్థం. హార్మోను అనగానే మనకు థైరాయిడ్ గుర్తుకొస్తుంది గాని, ఆ మాట పుట్టింది పేగు మీద జరిగిన ప్రయోగం తరువాతనే.

ఇక మన ఆకలి సంగతికి వద్దాం. 1999లో జపానులో కొజిమా, కంగావా అనే శాస్త్రజ్ఞులు జీర్ణాశయంలో ఒక హార్మోను కనుక్కున్నారు. పేరు గ్రెలిన్. ఇది ముఖ్యంగా జీర్ణాశయం పైభాగాన, గుమ్మటంలా ఉండే చోట తయారవుతుంది. భోజనానికి ముందు రక్తంలో పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. మెదడుకు అది చెప్పే కబురు ఒక్కటే: “తిను.”

ఈ గ్రెలిన్‌కు ఒక విచిత్రమైన గుణం ఉంది. అది మీ కడుపును చూసి కాదు, మీ అలవాటును చూసి లేస్తుంది. 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఒక రోజుకు పైగా ఏమీ తినకుండా ఉన్నవారి రక్తాన్ని మాటిమాటికీ పరీక్షించారు. మామూలుగా భోజనం చేసే వేళకు గ్రెలిన్ లేచింది. ఏమీ తినకపోయినా కాసేపటికి దానంతటదే దిగింది. ఇది మనకు పుస్తకం చూసి తెలుసుకోవలసిన అవసరం లేదు. రంజాను మొదటి రెండు మూడు రోజాలు గుర్తు చేసుకోండి. ఒంటిగంటన్నర అయ్యేసరికి కడుపులో కరకర. జొహర్ నమాజు చదివి వచ్చేసరికి ఆకలి ఎటు పోయిందో తెలియదు. సంవత్సరాల తరబడి సి-షిఫ్టు చేసి, రాత్రి రెండింటికి క్యాంటీన్లో తినడం అలవాటైన స్టీలు ప్లాంటు సోదరుడికి, సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నా ఆ వేళకే మెలకువ వచ్చి కడుపు అడుగుతుంది.

అయితే రోజా ఉండగలిగిన మనిషి మిగతా నెలలు ఎందుకు ఉండలేడన్న ప్రశ్నకు ఇక్కడే సగం జవాబు ఉంది. రోజాలో మనం ఆకలిని జయించడం లేదు. దాని వేళ మార్చి, మగ్రిబ్ అజాన్ దాకా ఆగమంటున్నాం. ఇఫ్తార్ ఉందని మెదడుకూ తెలుసు. రంజానులో సగటున కిలో, కిలోన్నర తగ్గుతామని, ఈద్ అయిన కొన్ని వారాలకే అది చాలామందికి తిరిగి వస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. షీర్ ఖుర్మాను ఆడిపోసుకోకండి, కారణం ఒక్క షీర్ ఖుర్మా కాదు.

మిగతా సగం జవాబు కొవ్వులో ఉంది. 1994లో న్యూయార్కులో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీకి చెందిన జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోనును కనిపెట్టింది. దీన్ని పంపేది కొవ్వు కణాలు. “నిల్వలు చాలినంత ఉన్నాయి, కంగారు పడకు” అని మెదడుకు చెప్పడం దీని పని. లావుగా ఉన్నవారిలో లెప్టిన్ తక్కువ ఉండదు, ఎక్కువే ఉంటుంది. మెదడు దాన్ని సరిగా వినిపించుకోదు. ఎవరైనా కష్టపడి బరువు తగ్గితే లెప్టిన్ ఒక్కసారిగా పడిపోతుంది. అప్పుడు మెదడు ఏమనుకుంటుంది? కరువొచ్చిందనుకుంటుంది! మన తాత ముత్తాతల కాలపు కరువుల్ని గట్టెక్కించిన ఏర్పాటు ఇది. దానికి డైటింగుకూ కరువుకూ తేడా తెలియదు. ఆకలి పెంచుతుంది, ఒంట్లో ఖర్చు తగ్గిస్తుంది.

2011లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పరిశోధకులు దీన్ని కొలిచి చూపించారు. లావుగా ఉన్న యాభై మందిని పది వారాల పాటు చాలా తక్కువ ఆహారం మీద ఉంచారు. సగటున పదమూడు కిలోలకు పైగా తగ్గారు. లెప్టిన్ పడిపోయింది, గ్రెలిన్ పెరిగింది, తృప్తినిచ్చే హార్మోన్లు తగ్గాయి. ఏడాది గడిచాక మళ్ళీ పరీక్షిస్తే ఆ మార్పులు చాలావరకు అలాగే ఉన్నాయి, ఆకలీ తగ్గలేదు. ఏడాది పాటు లోపలి నుంచి ఒకరు “తిను, తిను” అని చెవిలో నూరిపోస్తూ ఉంటే ఎంతమంది నిలబడగలరు? నిలబడేవారు లేరని కాదు. నిలబడలేనివారిని సబర్ లేదని, నఫ్స్ లొంగలేదని ముద్ర వేసే ముందు ఈ లెక్క చూడాలని నా మనవి.

మెదడు కబురు వినకపోతే ఏమవుతుందో చూడాలంటే 2017లో పత్రికల నిండా వచ్చిన ఇమాన్ అహ్మద్ సంగతి తలచుకోవాలి. ఆమెది ఈజిప్టులోని అలెగ్జాండ్రియా, మన విశాఖలాగే ఓడరేవు పట్టణం. బరువు 500 కిలోల దాకా ఉందన్నారు. ఏళ్ళ తరబడి మంచం దిగని మనిషిని విమానంలో ముంబయి తెచ్చి, సైఫీ ఆసుపత్రిలో మార్చి నెలలో ఆపరేషను చేశారు. అక్కడ చేసిన జన్యు పరీక్షలో తేలిందేమంటే, లెప్టిన్ కబురును అందుకునే గ్రాహకంలోనే పుట్టుకతో లోపం ఉందని. తలుపు లేని ఇంటికి ఎన్ని ఉత్తరాలు వేస్తే ఏం లాభం? ఆమెను అక్కడి నుంచి అబూధాబీకి తరలించారు. అదే ఏడు సెప్టెంబరులో కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఇలాంటి లోపం ఎక్కడో అరుదుగా ఉంటుంది, మన బస్తీలో లావుగా ఉన్న ప్రతివారికీ ఉండదు. కాని ఆమె ఫొటో చూసి “ఎంత తింటే ఇలా అవుతుంది!” అన్నవారిని నేను విన్నాను.

ఇప్పుడు ఆపరేషను సంగతి. 1966లో అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జను దీనికి దారి వేశాడు. కడుపులో పుండ్లకు జీర్ణాశయంలో కొంత కోసి తీసేసిన స్త్రీలు బరువు తగ్గి, మళ్ళీ పెరగకపోవడం ఆయన కంట పడింది. ఇప్పుడు ఎక్కువగా చేసేవి రెండు రకాలు. మొదటిది స్లీవ్. జీర్ణాశయంలో ముప్పాతిక వంతుకు పైగా, ఆ గుమ్మటంతో సహా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టం. రెండోది బైపాస్. జీర్ణాశయం పైకొసన చిన్న గిన్నెడంత భాగాన్ని వేరు చేసి, దాన్ని చిన్నపేగుకు కింది భాగాన కలుపుతారు. మిగతా జీర్ణాశయమూ చిన్నపేగు మొదటి భాగమూ లోపలే ఉంటాయి గాని తిండి వాటి దారిన పోదు. రెండూ ఇప్పుడు చిన్న చిన్న రంధ్రాల గుండా చేసేవే.

మొదట్లో డాక్టర్లు కూడా దీన్ని సంచి లెక్కతోనే అర్థం చేసుకున్నారు. సంచి చిన్నదైంది గనుక తక్కువ పడుతుంది, తక్కువ తింటారు, అంతే అనుకున్నారు. కాని రోగులు చెప్పింది వేరు. సంచి చిన్నదై, ఆకలి మాత్రం అలాగే ఉంటే మనిషి రోజంతా అల్లాడాలి గదా. వీళ్ళు “తినబుద్ధి కావడం లేదు” అన్నారు.

ఎందుకో చెప్పడానికి మన పోర్టునే తీసుకుంటాను. బైలదిల్లా నుంచి కె.కె. లైను మీద ఖనిజం వ్యాగన్లలో వస్తుంది. టిప్లర్ దగ్గర దిమ్మరిస్తే కన్వేయర్ బెల్టు మీద ప్రయాణం చేసి ఓడ దగ్గరకు చేరుతుంది. బెల్టు చివరి కొసన ఒక మనిషి టెలిఫోను పట్టుకొని కూర్చున్నాడనుకోండి. సరుకు తన దగ్గరకు చేరితే “చాలు, ఆపండి” అని కంట్రోల్ రూముకు ఫోను చేయడం అతని డ్యూటీ. మన చిన్నపేగు చివరి భాగంలో అలాంటి కణాలు ఎక్కువగా ఉన్నాయి. వాటిని ఎల్-కణాలంటారు. తిండి తమ దాకా చేరితే జి.ఎల్.పి.-1 అని, పి.వై.వై. అని రెండు హార్మోన్లు వదులుతాయి. ఇవి మెదడుకు తృప్తి చెబుతాయి, జీర్ణాశయం వేగాన్ని తగ్గిస్తాయి. జి.ఎల్.పి.-1 అయితే క్లోమం చేత ఇన్సులిన్ కూడా ఎక్కువగా విడుదల చేయిస్తుంది. కాని మామూలు మనిషిలో తిండి చాలా భాగం బెల్టు మొదట్లోనే ఒంటికి పట్టేస్తుంది. చివరన కూర్చున్నవాడికి ఆలస్యంగా, కొద్దికొద్దిగా చేరుతుంది. అతను ఫోను చేసేసరికి మనం రెండో ప్లేటు బిర్యానీ ముగించి ఉంటాం!

బైపాస్ చేశాక తిండి బెల్టు మొదటి భాగాన్ని తప్పించుకొని త్వరగా కిందికి చేరుతుంది. స్లీవ్‌లో దారి మారదు గాని, సన్నబడ్డ జీర్ణాశయం త్వరగా ఖాళీ అవుతుంది గనుక అక్కడా దాదాపు అదే జరుగుతుంది. నాలుగు ముద్దలు తినీ తినక ముందే ఫోను మోగుతుంది. ఈ రెండు హార్మోన్లూ తిన్నాక మునుపటి కంటే ఎన్నో రెట్లు పెరుగుతాయి. స్లీవ్‌లో దీనికి తోడు గ్రెలిన్ తయారుచేసే గుమ్మటమే పోయింది గనుక “తిను” అనే కబురు కూడా సన్నగిల్లుతుంది.

ఇదంతా ఊహ కాదు. 2002లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు రోజంతా రక్తం తీసి కొలిచారు. ఆహార నియమంతో బరువు తగ్గినవారిలో గ్రెలిన్ 24 శాతం పెరిగింది. బైపాస్ చేయించుకున్నవారిలో మామూలు బరువున్న మనుషుల కంటే 77 శాతం తక్కువ ఉంది. బైపాస్‌లో గ్రెలిన్ విషయమై తరువాతి పరిశోధనలన్నీ ఏకగ్రీవంగా లేవు. స్లీవ్‌లో తగ్గడం మాత్రం మళ్ళీ మళ్ళీ కనిపించింది. నాకు అంతకంటే నచ్చిన ప్రయోగం లండనుది, 2007లో వచ్చింది. బైపాస్ అయి ఆకలి తగ్గినవారికి, పేగు హార్మోన్లు విడుదల కాకుండా అడ్డుకునే మందు ఇచ్చారు. వాళ్ళు ఎక్కువ తిన్నారు! లోపల సంచి అదే చిన్న సంచి. ఫోను తీగ తెంపగానే ఆకలి తిరిగి వచ్చింది. కేవలం బ్యాండు బిగించి సంచిని చిన్నది చేసినవారికి ఇదే మందు ఇస్తే అలాంటి మార్పు రాలేదు.

షుగరు సంగతి ఇంకా విడ్డూరం. ఆపరేషను అయిన కొన్ని రోజులకే, బరువు ఇంకా తగ్గక ముందే, చాలామందికి రక్తంలో చక్కెర దిగుతుంది. 1995లో అమెరికా సర్జను వాల్టర్ పోరీస్ తన రోగుల లెక్కలు ప్రచురించాడు. బైపాస్ చేయించుకున్న 146 మంది షుగరు రోగులలో 121 మందికి చక్కెర మామూలు స్థాయికి వచ్చి నిలిచింది. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉందని భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే 2023లో చెప్పింది. ఈ సభలోనే చాయ్ వచ్చినప్పుడు చక్కెర వద్దన్న చేతులు ఎన్ని లేచాయో మీరే చూశారు.

ఇక్కడ ఒక ఆపా సంగతి చెప్పాలి. నాకు తెలిసిన కుటుంబం. వయసు నలభై దాటింది. షుగరు, మోకాళ్ళ నొప్పులు. దర్గా కొండ ఎక్కి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. స్లీవ్ ఆపరేషను చేయించుకుంది. ఆ సంగతి భర్తకూ చెల్లెలికీ తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. ఆరు నెలల తరువాత ఒక వలీమాలో దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చొని మూడు చెంచాల బిర్యానీ తిని పళ్ళెం పక్కన పెట్టింది. “మా బిర్యానీ నచ్చలేదా భాభీ?” అని ఒకరు, “క్యాన్సరేమో పాపం, ఎలా ఎండిపోయిందో చూడండి” అని ఇంకొకరు. చివరికి ఎవరికో తెలిసిపోయింది. అప్పుడు వచ్చిన మాట అన్నిటికంటే ముల్లు: “కష్టపడకుండా కోయించుకుంది.” ఆమె మా ఆవిడతో అన్నదట: “లావుగా ఉన్నప్పుడు తిన్నందుకు అన్నారు, ఇప్పుడు తిననందుకు అంటున్నారు. మునుపు గిన్నెలు కడుగుతున్నప్పుడు కూడా నా ధ్యాస తిండి మీదే ఉండేది. ఇప్పుడు అది లేదు. నాలో ఎవరో రేడియో కట్టేసినట్టుంది.” ఇన్ని పుస్తకాలు తిరగేసిన నాకు దొరకని పోలిక ఆమెకు దొరికింది.

ఈ ఆపరేషనును కొవ్వు పీల్చి తీసే లైపోసక్షన్‌తో కలిపి చూడకండి. మన తెలుగు నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్ళకే మరణించినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని పత్రికలు రాశాయి. ఆ వార్త మన ఇళ్ళలో బాగా నాటుకుపోయింది. బరువు ఆపరేషను అనగానే చాలామంది ఆ అమ్మాయి పేరే చెబుతారు. లైపోసక్షన్ చర్మం కింది కొవ్వును తీస్తుంది, అంతే. కడుపును గాని పేగును గాని ముట్టుకోదు, ఆకలి హార్మోన్లను మార్చదు, షుగరును నయం చేయదు. అది అందం కోసం చేసేది.

అలాగని ఈ ఆపరేషను గొప్ప వరమని చెప్పడానికి నేను రాలేదు. ఇది పెద్ద ఆపరేషనే. కుట్టు దగ్గర కారడం, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు తక్కువైనా ఉన్నాయి. షుగరు తగ్గినా అందరికీ కలకాలం తగ్గి ఉండదు. రోము నగరంలో పదేళ్ళు వెంటాడి చూసిన ఒక పరిశోధన 2021లో వచ్చింది. బైపాస్ చేయించుకున్నవారిలో పదేళ్ళ తరువాత కూడా షుగరు లేకుండా ఉన్నది నాలుగో వంతు మంది. మందులు మాత్రమే వాడినవారిలో ఆ సంఖ్య నూటికి ఐదారు. కొంతమందికి కొన్నేళ్ళకు బరువూ కొంత తిరిగి వస్తుంది, ఆకలీ కొంత తిరిగి వస్తుంది. బైపాస్ అయినవారు షీర్ ఖుర్మా గటగటా తాగితే గుండె దడ, చెమటలు, కళ్ళు తిరగడం. అన్నిటికంటే ముఖ్యం, తిండి తగ్గి, కొంత దారి తప్పించుకొని పోతుంది గనుక ఐరన్, బి-12, విటమిన్-డి, కాల్షియం, మాంసకృత్తులు ఒంటికి చాలవు. ఆ మాత్రలు ఏడాదో రెండేళ్ళో కాదు, బతికినన్నాళ్ళూ వేసుకోవాలి. రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఆపరేషను తరువాత రోజుల తరబడి వాంతులైతే “అలాగే ఉంటుందిలే” అని ఇంట్లో కూర్చోకూడదు. బి-1 విటమిన్ అడుగంటి నాడులు దెబ్బతింటాయి. కొత్తగా పెళ్ళైన అమ్మాయిలు ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోమంటారు డాక్టర్లు. ఈ సంగతి అత్తగారికి కూడా తెలిసి ఉండాలి. తెలియకపోతే ఆ ఏడాదంతా కోడలికి నరకం.

ఈమధ్య కుర్రాళ్ళు సూదిమందుల గురించి అడుగుతున్నారు. అవీ ఈ కథలోంచి పుట్టినవే. పేగు పంపే జి.ఎల్.పి.-1 కబురును పోలిన మందులవి. వీటిలో మొదట వచ్చినదానికి మూలం అమెరికా ఎడారిలోని గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి నోటి విషంలో దొరికింది. 2005లో మందుగా అనుమతి వచ్చింది. మన దేశంలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడు జూన్‌లో అమ్మకానికి వచ్చాయి. ఆపరేషను తన సొంత పేగు చేత చెప్పించే మాటను వీళ్ళు సూదితో బయటి నుంచి చెబుతున్నారన్న మాట. మందు మానేస్తే ఆకలీ బరువూ చాలావరకు తిరిగి వస్తాయి. డాక్టరు చీటీ లేకుండా, వాట్సాప్‌లో ఎవరో అమ్ముతున్నారని కొనుక్కోవద్దు.

ఎవరికి ఆపరేషను అవసరమో నిర్ణయించేది మనం కాదు. దానికి ఒక కొలత ఉంది. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుతోనే గుణించి వచ్చిన అంకెతో భాగించాలి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 90 కిలోల బరువు ఉన్నవారికి 35 వస్తుంది. 2022లో రెండు పెద్ద సర్జన్ల సంఘాలు కలిసి, 35 దాటిన వారికి వేరే జబ్బు లేకపోయినా ఈ ఆపరేషను సూచించవచ్చని, ఆసియా వాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చని చెప్పాయి. మన శరీరాలకు తక్కువ బరువులోనే షుగరు వస్తుంది గనుక ఈ తేడా. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో రెండు వందల కిలోలు దాటిన ఒక యువకునికి ఈ ఆపరేషను ఉచితంగా చేశారని 2023 ఆరంభంలో పత్రికల్లో చదివాం. అంటే సర్కారు దవాఖానా దీన్ని జబ్బుగానే లెక్క కట్టింది. 1923 నుంచి వైద్య కళాశాల ఉన్న ఊరు మనది. అడగడానికి డాక్టర్లకు కొదవ లేదు, మనకు అడిగే అలవాటే తక్కువ.

ఇక మన కమిటీ సంగతి. నా అభిప్రాయం దాచుకోను. ఆ అర్జీని గుండె జబ్బు అర్జీని చూసినట్టే చూడాలి. నవ్వడానికి అందులో ఏమీ లేదు. షుగరు, నిద్రలో ఊపిరాడకపోవడం, మోకాళ్ళు వంటి జబ్బులు రాసిన డాక్టరు కాగితం అడగండి, కొలత అడగండి. అందం కోసమైతే వద్దనండి. ఒకవేళ ఇస్తే మాత్రం మొత్తం డబ్బు ఆపరేషను రోజునే ఇచ్చేసి చేతులు దులుపుకోవద్దు. కొంత భాగం మాత్రలకూ రక్తపరీక్షలకూ కనీసం రెండేళ్ళ పాటు విడిగా పెట్టండి. ఆపరేషనుకు ఊరంతా చందా వేసి, ఆ తరువాత బి-12 సూదికి డబ్బు లేక కాళ్ళు తిమ్మిరెక్కిన మనిషిని వదిలేయడం సాయం కాదు. అర్జీదారుల పేర్లు కమిటీ గది దాటి పోకూడదు. ఇది ఈ ఒక్క అర్జీకే కాదు, అన్నిటికీ.

రోజాల గురించి తల్లులు చీటీ రాసి పంపారు, చెబుతాను. ఆపరేషను తరువాత మొదటి ఆరు నెలల నుంచి ఏడాది దాకా రోజా వద్దనే డాక్టర్లు సాధారణంగా చెబుతారు. కారణం ఆకలి కాదు, నీళ్ళు. వీళ్ళు ఒక్కసారిగా గ్లాసెడు నీళ్ళు తాగలేరు. పగలంతా గుక్కెడు గుక్కెడుగా తాగుతూ ఉండాలి. ఇఫ్తార్ నుంచి సహరీ దాకా ఉన్న ఆ కొద్ది గంటల్లో రోజుకు సరిపడా నీళ్ళూ మాంసకృత్తులూ లోపలికి పోవు. ఆ తరువాత ఉండదలచినవారు రంజానుకు నెల ముందే డాక్టరుకు చూపించుకొని మాత్రల వేళలు మార్పించుకోవాలి. షుగరు మందు ఇంకా వాడుతున్నవారికి ఇది మరీ ముఖ్యం. జబ్బు మనిషికి రోజా విషయంలో ఉన్న సడలింపు గురించి మన ఇమాం సాహెబ్ గారు ఇక్కడే ఉన్నారు, ఆయననే అడగండి. ఇఫ్తార్‌కు ఖర్జూరం ఒకటి నెమ్మదిగా నమిలి, రెండు గుక్కల నీళ్ళు తాగి, నమాజు చదివాక కొంచెం గుడ్డో చేపో పప్పో తినడం వారికి మేలు. పకోడీల పళ్ళెం వారి ముందుకు మళ్ళీ మళ్ళీ జరపకండి. వద్దంటే వద్దనే అర్థం.

చీటీలు ఇంకా చాలా ఉన్నాయి, వేళ కావస్తోంది. ఇషా నమాజు తరువాత నేను ఇక్కడే ఉంటాను. ఆపాలు తమ ప్రశ్నలను మా ఆవిడ ద్వారా పంపవచ్చు, పేరు రాయనక్కరలేదు.